పాడే కప్పు, దగ్గే కప్పు

కప్పు పాడితే కుడివైపు, దగ్గితే ఎడమవైపు. అంతే ఉద్యోగం. చెప్పడానికి ఒక్క ముక్కలో అయిపోయింది కానీ, చెయ్యాలంటే మాత్రం ఉత్త చెవులు చాలవు, పాము చెవులుండాలి.

బట్టీలోంచి దిగిన పింగాణీ కప్పులు ట్రేకి పాతిక చొప్పున బల్ల మీదకి వస్తాయి. ఒక్కో కప్పునీ మూడు వేళ్ళ కొసల మీద నిలబెట్టి, పెన్సిలంత చెక్కపుల్లతో అంచు మీద ఒక్క తట్టు తట్టాలి. మంచి కప్పయితే ఖంగుమని మొదలై, సన్నగా, పొడుగ్గా, సూదిలోంచి దారం లాగినట్టు సాగుతూనే ఉంటుంది. లోపల వెంట్రుకంత బీట ఉందనుకోండి, కంటికి ఆనదు గానీ, తట్టగానే 'ఠప్' మని అక్కడికక్కడే చచ్చిపోతుంది. మొదటిదాన్ని అక్కడ పాట అంటారు. రెండోదాన్ని దగ్గు అంటారు.

ఇరవై మూడేళ్ళుగా ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పొద్దస్తమానం ఖంగు ఖంగుమని మోగిస్తూ ఉంటుంది కాబట్టి అందరికీ ఆవిడ గంటక్క. గంటక్క ముద్ర పడిన పెట్టెని మళ్ళీ విప్పి చూసేవాళ్ళు కాదు. ఆవిడ గొప్ప అదీ.

కానీ ఏడాదిగా గంటక్కకి కప్పుల మీద ఒళ్ళు మండిపోతోంది.

"మట్టి మారిందే," అంటుంది రోజుకి పదిసార్లు. "దీనికి గొంతు లేదు. జలుబు చేసిన మట్టి ఇది."

ఎదురుగా కూర్చుని అదే పని చేసేది ఆవిడ ఆడపడుచు, అంటే సాక్షాత్తూ మొగుడి చెల్లెలు. ఇంట్లో తీరని పోరు ఫ్యాక్టరీలో తీర్చుకోమని దేవుడే ఇద్దర్నీ ఒకే బల్లకి కట్టేశాడని గంటక్క అంటూ ఉంటుంది.

"మట్టికేం రోగం వదినా, నాకు బాగానే పాడుతోంది," అంది ఆడపడుచు ఆ రోజు కూడా. అని, కళ్ళు చిట్లించింది. "అది సరే, నువ్వు కప్పుని తడుతున్నావా, దాని మీద కసి తీర్చుకుంటున్నావా? మెల్లిగా! అంచు ఊడొస్తోంది!"

"ఆఁ?"

"అంచు! అంచు!"

"లంచా? ఇంకా అరగంట ఉందిగా."

ఆడపడుచు పుల్ల కింద పెట్టి నవ్వింది. గంటక్క కూడా నవ్వింది, ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా నవ్వడం ఈ మధ్య బాగా అలవాటైపోయింది ఆవిడకి.

ఆ నవ్వు పూర్తికాకముందే సూపర్‌వైజరు వచ్చాడు. కుర్రాడే, గంటక్కని 'అక్కా' అనకుండా ఒక్క మాట మొదలుపెట్టడు. చంకలో ఒక పెట్టె ఉంది, దాని మీద గంటక్క ముద్ర.

"అక్కా, ఇది తిరిగొచ్చింది. హోటలు వాళ్ళు వేడి టీ పోస్తే పదకొండు కప్పులు కారాయట. ఒకటి మనిషి చేతిలోనే రెండు ముక్కలైందట."

"ఇవన్నీ పాడాయి బాబూ. నేనే విన్నాను."

అతను వాదించలేదు. దానికే భయమేసింది ఆవిడకి. పెట్టెలోంచి ఒక కప్పూ, ట్రేలోంచి ఒక కప్పూ తీసి, వెనక్కి తిరిగి అటూ ఇటూ మార్చి, ఆవిడ ముందు పెట్టాడు. "ఏది దగ్గుతోంది?"

తట్టింది. ఇంకోదాన్ని తట్టింది. మళ్ళీ తట్టింది, గట్టిగా. రెండూ ఒకేలా ఉన్నాయి, పక్కింటి గోడ మీద ఎవరో మేకు కొడుతున్నట్టు. చివరికి ఎడమ చేతిలోదాన్ని చూపించింది. జన్మలో తల దించని ఆడపడుచు తల దించుకుంది. దాంతో తెలిసిపోయింది.

"నెలాఖరుకి యాభై కప్పులు పెడతానక్కా," అన్నాడతను, ఆవిడకి బాగా దగ్గరగా వచ్చి. "అందులో అయిదు దగ్గేవి కలుపుతాను. పట్టుకుంటే బల్ల మీదే. లేకపోతే ప్యాకింగులోకి వెళ్దురుగాని. తేలిక పని, ఏం కాదు."

ఏం కాదు! ప్యాకింగంటే కప్పుల నోట్లో కాగితాలు కుక్కి పెట్టెలో పడుకోబెట్టడం. ఇరవై మూడేళ్ళు కప్పుల చేత పాటలు పాడించిన మనిషి వెళ్ళి వాటి నోళ్ళు మూస్తూ కూర్చోవాలి.

"మట్టి మారింది," అంది గంటక్క. ఈసారి ఎవరూ జవాబివ్వలేదు. ఇచ్చారేమో, ఆవిడకి వినబడలేదు.

* * *

ఇక అసలు గొడవ రెండు రోజుల తర్వాత.

గంటక్క మొగుడు స్కూలు బస్సు డ్రైవరు. పొద్దున పిల్లల్ని దింపి, సాయంత్రం మళ్ళీ ఎక్కించుకునేదాకా ఇంట్లో ఖాళీ. ఆ ఖాళీలో టీ పెట్టుకుందామని పాలు పొయ్యి మీద పెట్టాడు. అవి విరిగిపోయాయి. పాపం మామూలు మనిషి చేసే పనే చేశాడు, పెళ్ళానికి ఫోన్ చేశాడు.

"పాలు విరిగాయే! వచ్చేటప్పుడు ఓ ప్యాకెట్టు పట్రా."

గంటక్కకి వినబడింది ఏమిటంటే, కాలు విరిగిందని. ఆ తర్వాత ఏదో కట్టు అన్నాడని కూడా వినబడింది.

చూడండి, డ్రైవరు కాలు! ఫోను చేతిలోంచి జారింది. "అయ్యో, మీ అన్నయ్యకి కాలు విరిగిందే!" అంది. అంతే, ఆడపడుచు "అన్నయ్యా!" అని పెట్టిన కేకకి బట్టీ దగ్గరున్నవాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. ఇద్దరూ చేతులకున్న తెల్ల పొడి కూడా కడుక్కోకుండా బస్సెక్కి, దారంతా ముక్కులు చీదుకుంటూ, ఏ ఆస్పత్రో ఏమిటోనని ఏడుస్తూ, ఇంటి మెట్లు నాలుగేసి చొప్పున ఎక్కి తలుపు తోశారు.

అతను విరిగిన పాల గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. రెండు కాళ్ళ మీదా.

"ఇదేంటి, ప్యాకెట్టేది?" అన్నాడు.

ఆడపడుచు అక్కడే నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే వెక్కిళ్ళు వచ్చాయి. గంటక్క మాత్రం గోడకానుకుని గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది.

ఇక్కడితో అయిపోయినా బాగుండేది. సాయంత్రం ఆరింటికి, అతను బస్సు డ్యూటీ నుంచి వచ్చి చొక్కా విప్పేలోపు, ఫ్యాక్టరీ నుంచి ఎనిమిది మంది వచ్చారు. పళ్ళు, బ్రెడ్డు, ఒకాయనైతే వాళ్ళ నాన్న వాడిన చేతికర్ర కూడా తెచ్చాడు, పనికొస్తుందని.

గంటక్క నోరు తెరవబోయింది. ఏం చెప్పాలి? అప్పుడు లోపలి గదిలోంచి అతను వచ్చాడు, కుంటుతూ!

"విరగలేదండీ, బెణికింది," అన్నాడు, గుమ్మం పట్టుకుని. "మా ఆవిడ కంగారు మనిషి కదా. అమ్మా... అబ్బా..."

ఆ మూలుగులు విని వాళ్ళు అయ్యో అయ్యో అన్నారు. చేతికర్ర ఇచ్చి మరీ వెళ్ళారు. ఎనిమిది జతల చెప్పులూ మెట్లు దిగిపోయాక కూడా అతను వంటింట్లోకి కుంటుతూనే వెళ్ళాడు.

"ఇంకా ఎందుకండీ? వెళ్ళిపోయారు."

"ఓ, అవును కదా." కాలు నిటారుగా పెట్టాడు. అంతసేపూ కుడికాలితో కుంటి, చివర్లో ఎడమకాలితో కుంటాడని గంటక్క గమనించింది. నవ్వొచ్చింది, నవ్వులోంచి ఇంకేదో కూడా వచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎందుకలా చేశారు?"

అతను దగ్గరకొచ్చి, ఎదురుగా నిలబడ్డాడు. "నేను కుంటాననుకో, నాలుగు రోజుల్లో మానుతుంది. అదే నిన్ను..." ఆగిపోయాడు.

"అనండి."

"ఏం లేదులే."

"చెవిటిదంటారని. అంతేగా? అనండి."

ఆ ఇంట్లో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అన్నది కూడా ఆవిడే. అన్నాక చూస్తే పైకప్పు ఏమీ కూలలేదు.

"చూపించుకుందామే," అన్నాడతను మెల్లిగా. "నాలుగేళ్ళుగా నీతో అరిచి అరిచి, బస్సులో కూడా అదే గొంతు వస్తోంది. అంకులెప్పుడూ కోపంగా ఉంటాడని పిల్లలు వాళ్ళమ్మలకి చెప్పారట."

* * *

చెవి డాక్టరు ముందు చూసి, లోపల ప్రమాదమేమీ లేదని చెప్పి, పక్క గదిలోకి పంపాడు. అక్కడుండే అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. తను డాక్టరు కాదనీ ఆడియాలజిస్టుననీ మొదటే చెప్పింది. ఆ మాట నోరు తిరగక గంటక్క ఆ అమ్మాయికి చెవులమ్మాయి అని పేరు పెట్టేసింది.

చెవులమ్మాయి చిన్న లైటుతో చెవుల్లోకి తొంగిచూసి, రెండిట్లోంచీ గుబిలి తీసింది.

"ఇదేనా సంగతి?" అన్నాడు మొగుడు ఆశగా.

"ఇదొక్కటే అయితే మీకన్నా నేనే ముందు సంతోషిస్తా అంకుల్. చూద్దాం."

గోడలకి మెత్తలు అంటించిన చిన్న గది. అందులో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బటన్ ఇచ్చింది. ఎంత సన్నగా వినబడినా సరే నొక్కమంది. మొదట గుమ్‌మని లావు శబ్దాలు, గంటక్క టకటకా నొక్కేసింది. తర్వాత తర్వాత ఏమీ లేదు. అద్దం అవతల ఆ అమ్మాయి చెయ్యి కదులుతోంది, శబ్దం పంపిస్తోందన్నమాట, కానీ ఇవతల చీమ చిటుక్కుమన్నది లేదు. గంటక్క ఆ చెయ్యి కదలడం చూసి రెండుసార్లు దొంగ నొక్కుడు నొక్కింది. చెవులమ్మాయి నవ్వి, లేచి, అద్దానికి తెర లాగేసింది.

ఆ తర్వాత మాటలు. నోరు కనబడకుండా కాగితం అడ్డం పెట్టుకుని మామూలు గొంతుతో ఒక్కో మాటా అంటుంది, గంటక్క తిరిగి చెప్పాలి.

"సంచి."

"మంచి."

"కత్తి."

"పత్తి."

"పాలు."

"కాలు," అంది గంటక్క ధీమాగా.

"అదిగో!" కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు మొగుడు. "అదీ! అక్కడే విరిగింది నా కాలు!"

కథంతా విని చెవులమ్మాయి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. తర్వాత ఒక కాగితం ముందు పెట్టింది. గళ్ళ కాగితం మీద రెండు గీతలు, ఎడమవైపు బాగానే నడుస్తూ వచ్చి, సగం దాటాక మెట్లు దిగినట్టు దిగిపోయాయి.

"మీకు వినబడట్లేదని కాదమ్మా. మాట వస్తోంది, మాట అంచు రావట్లేదు. కా, పా, తా, సా, వీటి మొదట్లో వచ్చే సన్నటి శబ్దాలన్నీ ఈ కింది మెట్ల దగ్గరుంటాయి. మీకు 'ఆలు' అని మాత్రం చేరుతోంది. ముందున్నది ఏమిటో మీ మనసు అందిన అక్షరం పెట్టుకుని నింపేస్తోంది."

అంచు. గంటక్క ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

పోయినదాన్ని మందులు వెనక్కి తేలేవని ఆ అమ్మాయి దాపరికం లేకుండా చెప్పింది. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు, పోయిన మెట్ల దగ్గర శబ్దాన్ని పెంచే యంత్రాలు రెండు చెవులకీ పెట్టుకోవచ్చు. మొగుడి వైపు తిరిగి, "మీరు మాత్రం అరవకండి. అరిస్తే 'ఆలు' పెద్దదవుతుందే తప్ప, అంచు రాదు. పక్క గదిలోంచి పిలవకండి. ఎదురుగా నిలబడి, మామూలుగా మాట్లాడండి," అంది.

"ఈ ముక్క నాలుగేళ్ళ కింద చెప్పుంటే నా గొంతైనా మిగిలేది తల్లీ," అన్నాడతను.

"ఏం పని చేస్తారమ్మా?"

"కప్పుల ఫ్యాక్టరీ."

"బాగా మోత ఉంటుందా?"

"మొదట్లో ఎనిమిదేళ్ళు మట్టి రుబ్బే డ్రమ్ము పక్కన. ఇప్పుడు లేదు."

"ఇప్పుడేం చేస్తారు?"

ఇదిగో, ఇక్కడ చేసింది తప్పు. ఆ అమ్మాయి చేతిలో పెన్నుంది, కింద కాగితముంది. కప్పులు తట్టి వినడమే తన పనని అందులో రాస్తే, ఆ కాగితం ఎగురుకుంటూ వెళ్ళి సూపర్‌వైజరు బల్ల మీద వాలుతుందనిపించింది గంటక్కకి.

"కూర్చునే పని," అంది.

"ముఖ్యంగా ఏం వినాలనుంది మీకు?"

"ఇంట్లో వాళ్ళ మాటలు." అది నిజమే. కానీ సగం నిజం.

మొగుడు ఆవిడ వైపు చూశాడు, ఏదో అనబోయాడు, ఆవిడ చూపు చూసి ఊరుకున్నాడు.

* * *

యంత్రాలు చెవి వెనక బఠాణీ గింజ కన్నా కొంచెం పెద్దగా ఉన్నాయి. వాటిని మాటలకి తగ్గట్టు కుదిర్చి, తుడవడం, చార్జింగు పెట్టడం నేర్పి, "కొన్నాళ్ళు లోకమంతా గోలగోలగా ఉంటుంది, భయపడొద్దు, మెదడు నేర్చుకోవాలి, పదిరోజులకి మళ్ళీ రండి," అని చెప్పి పంపింది చెవులమ్మాయి.

గోలంటే అలా ఇలా కాదు! కవరు నలిగితే ఇల్లు కూలినట్టుంది. కుళాయి కింద నీళ్ళు చిటపటలాడుతున్నాయి. చెప్పులు నేల మీద కసుక్కు కసుక్కుమంటున్నాయి. భోజనం దగ్గర ఏదో జంతువు నములుతోందని అటూ ఇటూ చూసి, అది తన దవడేనని తెలుసుకుంది.

"ఏమండీ, మీ ముక్కు ఈల వేస్తుందని ఎప్పుడూ చెప్పలేదే?"

"ముప్పై ఏళ్ళుగా వేస్తోందే, నువ్వే మర్చిపోయావు."

కాలేజీ నుంచి వచ్చిన కూతురు, ఎప్పట్లాగే గుమ్మంలోంచి "అమ్మా, సబ్బు అయిపోయింది," అంది, జవాబొస్తుందని ఏమాత్రం ఆశ లేకుండా. "బీరువా కింద అరలో ఉంది," అంది గంటక్క. అని, తనే ఆశ్చర్యపోయి చెయ్యి చెవి మీద పెట్టుకుంది. కూతురు సంచి పడేసి వచ్చి వాటేసుకుంది. 'సబ్బు'లో 'స' ఉంది, స్‌స్ మని, ఎప్పుడో పోయిన చెవిపోగు పరుపు కింద దొరికినట్టు.

అంత బాగుంది కాబట్టే సోమవారం బల్ల దగ్గరకి పెళ్ళికెళ్ళినట్టు వెళ్ళింది. జుట్టు చెవుల మీదకి దువ్వుకుని, మొదటి కప్పు వేళ్ళ మీద నిలబెట్టి, తట్టింది.

ఖంగ్... వెంటనే పాట వణికింది, వంకర్లు తిరిగింది, ఎవరో పీక నొక్కినట్టు ఆగిపోయింది.

దగ్గు. ఎడమవైపు.

రెండోది కూడా అంతే. మూడోదీ. పదోదీ. ఎడమ ట్రే నిండిపోయి, దాని మీద ఇంకో ట్రే పెట్టాల్సొచ్చింది, కుడివైపు మాత్రం ఊడ్చిపెట్టినట్టు ఖాళీగా ఉంది.

"వదినా," అంది ఆడపడుచు, ఎదురుగా వంగి, నోరు బాగా కనబడేలా. ఆమె కూడా అలా మాట్లాడటం నేర్చుకుంది మరి. "బట్టీ మొత్తానికి దగ్గొచ్చిందా?" అంటూ ఎడమ ట్రేలోంచి నాలుగు కప్పులు తీసి తట్టింది. "అన్నీ పాడుతున్నాయి కదే!"

గంటక్క యంత్రాలు రెండూ తీసి టిఫిన్ డబ్బాలో పడేసింది. మొన్నటిదాకా అన్నీ ఒకేలా వినబడేవి, ఇప్పుడు మంచివే చెడ్డవైపోయాయి. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకి భయపడకూడదంటారు. సరే భయపడలేదు, కానీ పోటు మాత్రం పడింది కదా!

నెలాఖరుకి ఇంక పదిహేను రోజులే ఉంది.

* * *

పదోరోజున వెళ్ళకూడదనుకుంది. కానీ ముందురోజే చెవులమ్మాయి నుంచి మెసేజీ వచ్చింది: 'రేపు రండి అమ్మా. ఏం బాగాలేదో అది ముందు చెప్పండి. బాగున్నవి తర్వాత.' అది చదివి, సరే వాళ్ళ సామాను వాళ్ళకిచ్చేసి వద్దామని బయల్దేరింది. బయల్దేరేముందు ఎందుకో రెండు కప్పులు తువ్వాల్లో చుట్టుకుని సంచిలో వేసుకుంది. ఒకటి పాడేది, ఒకటి దగ్గేది, ఆడపడుచు చేత ఏరించినవి.

"ఇవి నాకొద్దమ్మాయ్." యంత్రాల డబ్బా బల్ల మీద పెట్టింది.

"సరే. ఏం చేశాయి?"

అప్పుడు చెప్పింది. తువ్వాలు విప్పి, కప్పులు బయటికి తీసి, సూపర్‌వైజరు, తిరిగొచ్చిన పెట్టె, యాభై కప్పులు, ప్యాకింగు, అన్నీ. కాగితం, పెన్నూ చూసి భయపడ్డ సంగతి కూడా. చెప్తుంటే ఎక్కడా ఆగలేదు, ఏడాది నుంచి మూతపెట్టి ఉంచిన గిన్నె పొంగినట్టు పొంగింది.

చెవులమ్మాయి కోప్పడలేదు. "ఈ కాగితం మీది. మీరు ఒప్పుకోకుండా ఎవరికీ వెళ్ళదు. ఆ మాట నేనే ముందు చెప్పాల్సింది, చెప్పలేదు," అంది. తర్వాత యంత్రాలు మళ్ళీ పెట్టించి, "తట్టండి," అంది.

ఖంగ్... వంకర... ఆగిపోయింది.

"ఇదిగో, ఇలా. పీక నొక్కినట్టు."

ఆ అమ్మాయి కుర్చీలోంచి దూకినంత పని చేసింది. "నొక్కినట్టు కాదమ్మా, నిజంగానే నొక్కుతోంది! ఈ యంత్రాల్లో ఒక్కోసారి కూ అని ఈల పుడుతుంది, అది చాలా చికాకు. అందుకని సన్నగా, నిలకడగా ఏ శబ్దం సాగినా అది ఈలేననుకుని నొక్కేయమని దానికి ముందే నేర్పి ఉంచుతారు. మీ కప్పు పాట కూడా సన్నగా, నిలకడగానే ఉంది కదా!"

గంటక్క నోరు తెరుచుకుని చూసింది. "అంటే... పాటని దొంగనుకుని పట్టుకుంటోందా?"

"అంతే! దగ్గే కప్పు సాగదు కాబట్టి దాని జోలికి పోవట్లేదు. దొంగని వదిలేసి దొరని కట్టేస్తోంది."

ఇక చూడాలి ఆ అమ్మాయి హడావిడి. మెత్తటి మైనంలాంటిది చెవిలో పెట్టి అచ్చు తీసింది, అచ్చు సరిగ్గా బిగిస్తే నిజం ఈల పుట్టదట. అది తయారై రావడానికి నాలుగు రోజులు. నాలుగో రోజున మళ్ళీ కూర్చోబెట్టి, కంప్యూటర్లో ఆ నొక్కుడు తగ్గించి, పై మెట్ల శబ్దం పెంచి, దాన్ని రెండో వరసగా పెట్టింది. చెవి వెనక బటన్ ఒకసారి నొక్కితే మాటలు, ఇంకోసారి నొక్కితే కప్పులు.

"ఇప్పుడు అటు తిరిగి కూర్చోండి. నేను తడతాను."

మొదటిది 'ఠప్'.

రెండోది ఖంగుమని మొదలైంది. వణకలేదు. సాగింది, సన్నగా, పొడుగ్గా, ఇంకా సాగింది. గదిలో కంప్యూటరు చప్పుడుంది, అవతల కుర్చీ ఎవరో జరిపారు, అయినా వాటన్నిటి మీంచి దారం తెగకుండా సాగి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగింది.

"అమ్మా? ఏదో చెప్పండి."

"మట్టి మారలేదు," అంది గంటక్క గోడవైపు చూస్తూ. "దాన్ని ఏడాదిగా తిట్టిపోస్తున్నాను. మట్టికేం కాలేదమ్మాయ్."

చెవులమ్మాయి కుర్చీ లాక్కుని ఎదురుగా వచ్చి కూర్చుంది. "ఒక్క మాట. ఇది మీ పాత చెవి కాదు. రోజూ పావుగంట సాధన చెయ్యండి, మీ ఆడపడుచు తడితే మీరు చెప్పండి. అయినా కొన్ని మీకు అందకపోవచ్చు. అందనప్పుడు ఊహించి చెప్పకండి. దొంగ నొక్కుడు నొక్కినట్టు."

గంటక్కకి సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "అది కూడా చూశావూ?"

"తెర ఎందుకు లాగాననుకున్నారు?"

* * *

నెలాఖరు రోజున బల్ల చుట్టూ జనం. ఇద్దరు మనుషులు పెట్టెలు మోయడం మానేసి మరీ వచ్చారు. గంటక్క ఈసారి జుట్టు వెనక్కి లాగి ముడేసుకుంది. చెవుల వెనక యంత్రాలు అందరికీ కనబడుతున్నాయి. చూస్తే చూడనీ.

"అక్కా, మొదలుపెడదామా?" అన్నాడు సూపర్‌వైజరు.

"ముందు అందర్నీ నోళ్ళు మూయమను బాబూ. ఇప్పుడు నాకు అన్నీ వినబడుతున్నాయి, నీ పొట్ట ఆకలికి కూయడం కూడా."

జనం ఘొల్లుమన్నారు. ఆవిడ బటన్ నొక్కింది. మెల్లిగా, ఒక్కోటీ, అంచు మీద ఈక ఆనినట్టు తట్టడం మొదలుపెట్టింది. ఖంగ్, కుడి. ఖంగ్, కుడి. ఠప్, ఎడమ. ఆడపడుచు ఎదురుగా ఊపిరి బిగబట్టి కూర్చుంది.

పద్దెనిమిదో కప్పు దగ్గర ఆగింది. తట్టింది. పాడింది, కానీ తోక పొట్టిగా ఉంది. తిప్పి తట్టింది. పాటే అనిపించింది, కాదేమో అనిపించింది. వేళ్ళు అప్పుడే కుడివైపు కదిలాయి, ఇరవై మూడేళ్ళ అలవాటు కదా. ఇరవై మూడేళ్ళలో గంటక్క 'ఏమో' అన్నది లేదు. అసలు ఆ బల్ల మీద 'ఏమో'కి చోటే లేదు, కుడీ ఎడమా తప్ప.

చెయ్యి గాల్లోనే ఆగింది. తర్వాత ఆ కప్పుని తెచ్చి సరిగ్గా బల్ల మధ్యలో పెట్టింది.

"అదేంటక్కా?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఏమో," అంది గంటక్క. ఆ మాట అనడానికి ఎంత కష్టమైందో ఆవిడకే తెలుసు. "ఇది నాకు తెలియట్లేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు అటో ఇటో పెట్టను."

యాభై అయ్యేసరికి కుడివైపు నలభై మూడు, ఎడమవైపు నాలుగు, మధ్యలో మూడు. సూపర్‌వైజరు కప్పుల అడుగున పెన్సిలుతో పెట్టుకున్న గుర్తులు చూశాడు. ఎడమవైపు నాలుగూ దగ్గేవే. కుడివైపు నలభై మూడూ తిప్పి తిప్పి చూశాడు, ఒక్కదానికీ గుర్తు లేదు.

"అయిదోది ఈ ముగ్గుర్లోనే దాక్కుందన్నమాట," అన్నాడు.

"గుర్తులు చూడకు బాబూ, రంగునీళ్ళు పొయ్యి."

రంగునీళ్ళ పరీక్షకి ఒక్కో కప్పుకీ పావుగంట పడుతుంది, అందుకే రోజుకి వేల కప్పులకి అది కుదరదు. మూడు కప్పులకైతే ఏం ఇబ్బంది? మూడూ నింపి, తెల్లకాగితం మీద పెట్టి, అందరూ పొయ్యి మీద పాలు కాచినట్టు కాచుకుని కూర్చున్నారు. పది నిమిషాలకి పద్దెనిమిదో కప్పు కింద కాగితం మీద ఎర్రటి చుక్క పుట్టి, మెల్లిగా బఠాణీ గింజంత అయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఫ్యాక్టరీలో అంత తీరిక ఎవరికి? సూపర్‌వైజరు మాత్రం వెళ్ళి ఒక ఖాళీ ట్రే తెచ్చి, బల్ల మధ్యలో పెట్టి, సుద్దముక్కతో దాని మీద 'ఏమో' అని రాశాడు.

"ఇది ఇక్కడే ఉండనీ అక్కా. హోటలుకి వెళ్ళిన ఆ పదకొండు కప్పుల్లో కొన్నైనా దీంట్లో ఆగేవి." వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, సరిగ్గా ఆవిడ ఎదురుగా వచ్చి, "మట్టి రుబ్బే వాళ్ళందరికీ మోత తగలకుండా చెవులకి పెట్టుకునేవి తెప్పిస్తున్నాను. మీరు చెప్పిన ఆ చెవులమ్మాయి ఫోన్ నంబరు కావాలి," అన్నాడు.

మధ్యాహ్నానికి కొత్త ట్రేలో అయిదు కప్పులున్నాయి. వాటిలో గంటక్కవి రెండే.

గంటక్క ట్రే వైపు చూసింది. ఆడపడుచు వైపు చూసింది. ఆడపడుచు పుల్లతో చెవి గోక్కుంటూ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఏమే, నీ మట్టికి కూడా జలుబు చేసిందా?"

"అబ్బ, ఊరుకో వదినా." గొంతు తగ్గించి, అయినా నోరు బాగా కనబడేలా అంది: "ఆ బటన్ నొక్కే గదిలో మరీ ఇరుగ్గా ఉంటుందా?"

"నీకు సరిపోతుంది. నేనూ వస్తాలే. కానీ దొంగ నొక్కుళ్ళు నొక్కకు, ఆ పిల్ల పట్టేస్తుంది."

అప్పుడే ఫోన్ మోగింది. గంటక్క చెవి వెనక బటన్ నొక్కి మాటలకి మార్చుకుంది.

"ఏమే, ఏమైంది? బల్లేనా, ప్యాకింగా?" అవతల మొగుడు, మామూలు గొంతుతో, అరవకుండా.

"బల్లే."

అటువైపు అతను ఊపిరి వదిలింది కూడా వినబడింది, ముక్కులోని ఈలతో సహా.

"మంచిది. మరీ... ఇవాళ కూడా పాలు విరిగాయే."

'పా' స్పష్టంగా, అంచుతో సహా వచ్చింది. గంటక్క పెదాలు బిగబట్టి ఆడపడుచుకి కన్ను కొట్టింది.

"అయ్యో దేవుడా, మళ్ళీనా! ఏ కాలండీ? కుడిదా, ఎడమదా?"

"రెండూనే!" అన్నాడతను. "నువ్వు ప్యాకెట్టు తెచ్చేదాకా నడవలేను!"